ముత్తాతగారి రంగం పెట్టెలో మూడు మంగలికత్తులు: సానకు ఇవ్వవచ్చా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. ఆమదాలవలస దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద నుంచి ఒక రేకుపెట్టె దిగింది. మా ముత్తాతగారు యుద్ధానికి ముందు రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బియ్యం మిల్లు గుమస్తాగా ఉండేవారు. పెట్టె అప్పటిదేనని నానమ్మ అంటోంది. అందులో పంచె ముక్కలో చుట్టిన మూడు మంగలికత్తులు, ఎలుకలు కొరికిన తోలుపట్టీ, ఒక సేఫ్టీ రేజరు, నురగ చేసుకునే ఇత్తడి గిన్నె ఉన్నాయి.

మొదటి కత్తికి నల్లటి పిడి. ఉక్కు మీద కిరీటం, దానికి అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలు, జోసెఫ్ రాడ్జర్స్, షెఫీల్డ్ అన్న పేర్లు కనిపిస్తున్నాయి. ఒక నక్షత్రం, ఒక శిలువ గుర్తు కూడా ఉన్నాయి. మిగతా అక్షరాలు తుప్పు కింద ఉన్నాయి. రెండో కత్తి పిడి దంతం రంగులో ఉంది, ఉక్కు మీద జంట మనుషుల బొమ్మ, సోలింగెన్ అని ఉంది. దీని సంగతే విచిత్రం. మూసినప్పుడు పిడి లోపలికి వెళ్లే భాగం మొత్తం తుప్పు తినేసింది, బయట ఉండిపోయే తోక మాత్రం తళతళలాడుతోంది. మేకు చుట్టూ పచ్చటి చిలుము పట్టింది. మూడోదానికి ఏ ముద్రా లేదు. వీపు చాలా మందం, బరువుగా ఉంది.

మా బావ వీటిని రాత్రంతా చింతపండు పులుసులో నానేసి, పొద్దున్నే సైకిలు మీద తిరిగే సానవాడికి ఇద్దామంటున్నాడు. తుక్కు కొనే ఆయన మూడింటికీ కలిపి రెండు వందలు ఇస్తానన్నాడు. నాకు మాత్రం వీటిలో ఒక్కదానితోనైనా గడ్డం గీసుకోవాలని ఉంది. తెలిసినవారు దారి చెప్పగలరు.

మూడు లాంతర్లు (విజయనగరం):

బాబూ, ముందు ఆ చింతపండుతో మీ బావగారి చేత ఇత్తడి గిన్నె తోమించండి. ఆయన ముచ్చటా తీరుతుంది, గిన్నే మెరుస్తుంది. కత్తుల జోలికి మాత్రం రానివ్వకండి. ఇవి స్టెయిన్‌లెస్ రాకముందు రకం ఉక్కువి. పులుపు తుప్పుతో ఆగదు, కింద ఉన్న మంచి ఉక్కునూ తింటుంది. మందంగా ఉన్న వీపు ఎలాగో తట్టుకుంటుంది, పొర కన్నా పలచగా ఉన్న అంచు తట్టుకోలేదు. తెల్లారేసరికి కత్తి బూడిదరంగు తిరిగి, అంచంతా గరుకుగా మిగులుతుంది.

సైకిలు సాన కూరగాయల కత్తికీ కత్తిపీటకూ సరే. గడ్డం కత్తికి అది మృత్యువు. దాని పక్కలను లోపలికి తొలిచి ఉంటారు కాబట్టి అంచు దగ్గర లోహం అతి పలచన. పొడి చక్రానికి ఆనించిన కొన్ని క్షణాల్లోనే వేడెక్కిపోతుంది. ఉక్కు మీద గోధుమరంగు పసుపు తేలితే ప్రమాదం దగ్గరపడిందని, నీలం తేలితే దాదాపు మూడు వందల డిగ్రీలు దాటి అక్కడి గట్టిదనం పోయిందని అర్థం. అలా మెత్తబడిన అంచును ఎంత నూరినా పదును నిలవదు. ఇంకో సంగతి ఉంది. ఈ కత్తిని నూరే కోణం కత్తిలోనే ఉంది: వీపు, అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనితే చాలు, చేత్తో కోణం పట్టనక్కరలేదు. చక్రం మీద వీపు ఆనదు. చేసినవాడు పెట్టిన ఆ లెక్క అక్కడే తప్పిపోతుంది.

ఇప్పుడు అసలు తొందరైన పని. ఆ రెండో కత్తిని ఈ రోజే మిగతావాటికి దూరంగా పెట్టండి. మీరు విచిత్రం అన్నదే దాని రోగం పేరు చెబుతోంది. తుప్పు సరిగ్గా పిడి గీసిన హద్దులో ఉందంటే, తుప్పు పట్టించింది పిడే. అది దంతం కాదు, సెల్యులాయిడ్ అయి ఉండాలి. నత్రికామ్లంతో చర్య జరిపించిన సెల్యులోజును కర్పూరంతో కలిపి చేసే పదార్థం అది, పాత సినిమా రీళ్లు కూడా దాంతోనే చేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా మన తీరంలాంటి ఉక్కపోత చోట, అది లోలోపల విడిపోయి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి మూసి ఉన్న కత్తిని తినేస్తుంది, ఇత్తడి మేకుకు చిలుము పట్టిస్తుంది, పక్కన ఉన్న కత్తికీ అంటిస్తుంది. పిడిని వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం తగిలితే సందేహం లేదు. కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

ఆ పిడిని బాగుచేయడం ఎవరివల్లా కాదు. మేకు తలను సన్నటి ఆకురాయితో అరగదీసి, మేకును తట్టి బయటికి తీసి, కత్తిని విడదీయండి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడిచి నూనె రాయండి. జంట బొమ్మ హెంకెల్స్ వారి గుర్తు. సోలింగెన్‌లో 1731లో నమోదైన ముద్ర అది. తుప్పు గుంటలు అంచు దాకా పోకపోతే అది మళ్లీ పనిచేసే కత్తే.

కొత్త పిడి కోసం ఎక్కడికో రాయనక్కరలేదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు చేసే పనివాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. గేదె కొమ్ము పలకలు రెండు కోయించుకుంటే మీ సోలింగెన్‌కు తగిన పిడి తయారవుతుంది. కొలతకు పాత పిడి తీసుకెళ్లకండి, దాని ఆకారం అట్టముక్క మీద గీసి తీసుకెళ్లండి. మేకుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఇత్తడి తీగ ఏ కంసాలి దగ్గరైనా దొరుకుతుంది. తలను చిన్న గుండు సుత్తితో మెల్లగా, చుట్టూ తిప్పుతూ కొట్టాలి. ఒక్క గట్టి దెబ్బ పడితే కొమ్ము పగులుతుంది.

ఇక రాడ్జర్స్. మీ పెట్టెలో లక్ష్మీదేవి అదే. షెఫీల్డ్‌లో పేరుమోసిన సంస్థ వారిది, నక్షత్రమూ మాల్టా శిలువా వారి వ్యాపార ముద్రలు. కిరీటం పక్కన జి, ఆర్ అంటే జార్జి రాజు. అయిదో జార్జి 1910 నుంచి 1936 దాకా, ఆయన కొడుకు ఆరో జార్జి 1936 చివర నుంచి 1952 దాకా గద్దె మీద ఉన్నారు కాబట్టి మీ ముత్తాతగారి రంగం కాలానికి సరిపోతోంది. తుప్పు కింద ఉన్న అక్షరాల్లో ఇంగ్లండ్ అన్న మాట ఉందేమో చూడండి. అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి వెళ్లే సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది. పాత కత్తుల కాలం తేల్చడానికి అది మంచి ఆనవాలు. అందుకే ముద్ర ఉన్న చోట ఉప్పుకాగితం పెట్టవద్దు. అక్కడ కిరసనాయిలు చుక్క వేసి ఒక పూట ఉంచి, వెదురుపుల్ల చివరతో గీకితే చాలు.

మిగతా చోట ఎర్రగా పొడి రాలే తుప్పు మాత్రమే తీయాలి. నల్లగా గట్టిపడిన మచ్చ నిలకడైనది, అది ఉక్కును ఇక తినదు. దాన్ని తీయాలని పట్టుబడితే చుట్టూ ఉన్న మంచి ఉక్కును అరగదీయాలి, ఆ బేరం నాకు నచ్చదు. కత్తిని చెక్క మీద పడుకోబెట్టి, వెయ్యి నంబరు నీటి ఎమరీ కాగితాన్ని నూనెలో తడిపి, ఎప్పుడూ వీపు వైపు నుంచి అంచు వైపుకే తోయండి. వేళ్లు అంచుకు ఎదురుగా ఉండకూడదు. మొద్దుబారిన కత్తి కూడా తడి చర్మాన్ని లోతుగానే కోస్తుంది.

నూరే ముందు గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కంటి అద్దం అడిగి అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. వెతకవలసింది పగులు. మెరుపు సంగతి తర్వాత. వెంట్రుకంత పగులు ఉన్నా ఆ కత్తి గోడకు తగిలించుకోవడానికే, ముఖానికి కాదు. పగులు లేకపోతే నూరడానికి పనికొస్తుంది. వెయ్యి నంబరు నీటిరాయితో, అంటే నీళ్లతో తడిపి నూరే రాయితో మొదలుపెట్టి, నాలుగు వేలు, ఎనిమిది వేలు. మొదలుపెట్టేటప్పుడు అంచుకు రెండు వైపులా మార్కర్ సిరా పూయండి. రెండు మూడుసార్లు రాయి మీద తోసి చూస్తే, సిరా చెరిగిన చోట రాయి తగులుతోంది, చెరగని చోట తగలడం లేదు. మధ్యలో సిరా మిగిలితే అంచు లోపలికి వంగిందన్నమాట, అది చదును కావడానికి ఓపిక పట్టాలి. బలం పెట్టకండి, కత్తి బరువు చాలు.

మూడో కత్తిని తుడిచి నూనె రాసి ఉంచండి. ముద్ర లేని కత్తి గురించి ఫొటో చూడకుండా నేను మాట్లాడను.

పొది (నరసన్నపేట):

మాస్టారు చెప్పినదానికి నేనూ ఒకటి రెండు కలుపుతాను. మాది కులవృత్తి. మా నాన్న పొదిలో ఇలాంటి కత్తులు నాలుగు ఉండేవి, రెండు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఇప్పుడు సెలూనులో వాటిని వాడం. ఎయిడ్స్ భయం వచ్చినప్పటి నుంచి మనిషికో కొత్త బ్లేడు, సగానికి విరిచి పిడిలో పెట్టుకునే కత్తే అందరిదీ. అది మంచి పద్ధతే, దాని మీద నాకు ఏ బెంగా లేదు. ఇంట్లో నా గడ్డానికి మాత్రం నాన్న కత్తే.

మాస్టారి ఎనిమిది వేల నంబరు రాయి మా నాన్న పేరు కూడా వినలేదు. ఒక నల్లటి నున్నరాయి, తోలు, చివరికి అరచెయ్యి. అంతే. అయితే ఆయన ఆ రాయి మీద కత్తి పెట్టడం నెలకు ఒకసారి కూడా ఉండేది కాదు. తోలు మాత్రం ప్రతి గడ్డానికీ ముందు. కొత్తగా పట్టేవాళ్లు ఇక్కడే తిరగేస్తారు: రాయి మీద గంటలు గడిపి తోలు మీద నాలుగు దెబ్బలతో సరిపెడతారు. తోలు మీద కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. కొసకు వచ్చాక వీపు మీదుగానే తిప్పాలి. అంచు మీదుగా తిప్పితే తోలూ తెగుతుంది, అంచూ గుండ్రబడుతుంది. మొదట మందపాటి నూలు పట్టీ మీద ఓ ముప్పైసార్లు, తర్వాత తోలు మీద అరవై. తోలు జారిపోకుండా బిగించి పట్టుకోండి, వేలాడితే అంచు మొద్దుబారుతుంది.

మీ పెట్టెలోని తోలును ఎలుకలు ఒక కొసనే కొరికి ఉంటే పారేయకండి. మిగిలిన భాగం జానెడున్నర ఉన్నా పనికొస్తుంది. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, అరచేత్తో రుద్దండి. ఎండలో పెట్టారో, అప్పడమే.

పదును తెలియడానికి బొటనవేలు అంచు మీద జరపవద్దు. ముంజేతి వెంట్రుకలకు చర్మం తగలకుండా కొంచెం ఎత్తులో కత్తి నడపండి. వెంట్రుక తనంతట తెగి రాలితే పదును వచ్చింది. వంగి లేస్తుంటే తోలు పని మిగిలింది. లాగుతుంటే మళ్లీ రాయి దగ్గరికే.

కొత్తవలస (విజయనగరం జిల్లా):

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను పాత సామాన్లు కొని అమ్ముతుంటాను. మాస్టారు నల్ల మచ్చలు ఉంచమంటున్నారు కానీ, కొనేవాళ్లకు అద్దంలా మెరిస్తేనే కన్ను ఆనుతుంది. గుడ్డ చక్రం మీద పాలిష్ పట్టిస్తే ధర రెట్టింపు. ఇంకో మాట, దంతం పిడి కత్తులు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఏమైనా కుదరవచ్చు. మీరంతా ఇలాంటివి ఎక్కడ పడుతున్నారో కూడా చెబితే బాగుంటుంది.

మూడు లాంతర్లు:

అద్దంలా మెరిసే కత్తిని కొనేవాడు కత్తిని కొనడం లేదు, అద్దాన్ని కొంటున్నాడు. ఆ గుడ్డ చక్రం రెండు పనులు చేస్తుంది. ముద్ర అంచులను కరిగిస్తుంది, పలచటి అంచును పట్టి లాగి కత్తిని మీ మీదికే విసురుతుంది. బంగారు నీరుతో రాసిన పేర్లున్న కత్తులైతే ఒక్క తుడుపుకే పేరు మాయం. తెలిసిన సేకర్త ముద్ర కోసమే డబ్బు పెడతాడు.

దంతం మాట ఇక్కడితో ఆపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు దంతం వస్తువుల అమ్మకం, కొనుగోలు నేరం. తాత కాలం నాటిదన్న సాకు అమ్మకానికి పనికిరాదు. ఎవరి ఇంట్లోనైనా నిజంగా దంతం బయటపడితే అటవీశాఖ వారిని అడిగి నడుచుకోవాలి. గుర్తించడం కష్టం కాదు: దంతం కొసను అద్దంతో చూస్తే ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి గీతలు జల్లెడలా కనిపిస్తాయి. ఎముక అయితే నల్లటి సూదిమొన చుక్కలు. సెల్యులాయిడ్‌లో దంతాన్ని అనుకరించి గీతలు వేసేవారు, కానీ అవి ఎక్కడ చూసినా ఒకే దూరంలో, తిన్నగా ఉంటాయి.

ఎక్కడ దొరుకుతాయంటారా. గంటస్తంభం చుట్టుపక్కల తుక్కు కొట్లలో అడిగితే కత్తెర్లు చూపిస్తారు. ఓపికగా రెండో డబ్బా తెరిపించాలి. సంతల్లో పాత తాళాలు, తక్కెడలు గోనెపట్టా మీద పరిచేవారి దగ్గర అప్పుడప్పుడు తగులుతాయి. అలమండ సంతకు జనం పశువుల కోసం వెళతారు, నేను ఆ గోనెపట్టాల కోసం వెళతాను. సిరిమాను రోజుల్లో ఊళ్లోకి వచ్చే చిల్లర వ్యాపారులను మాత్రం నమ్ముకోకండి, వాళ్ల దగ్గర ఉండేదంతా కొత్త సరుకే. అన్నిటికన్నా మంచి చోటు పాత ఇళ్ల అటకలు. రైల్వేలో, ఎస్టేటు కచేరీల్లో, రంగంలో పనిచేసిన వారి ఇళ్లలో ఇవి ఉంటాయి, ఉన్నాయని ఇంట్లోవాళ్లకు తెలియదు. వృత్తిదారుల ఇళ్లలో ఉన్నవాటిని నేను అడగను. అవి వాళ్ల నాన్నల చేతులు.

కొనేటప్పుడు మూడు చూడండి. వీపు మీద రెండు వైపులా అరుగుదల సమానంగా ఉందా, అంచు మధ్యలో లోపలికి వంగిందా, పిడి మధ్యలోకి కత్తి తిన్నగా మూసుకుంటోందా. మూడోది తప్పితే మేకు బిగిస్తే సరిపోవచ్చు. మొదటి రెండూ తప్పితే బేరం మానండి.

నాగావళి గట్టు:

మాస్టారూ, పిడి రుద్దితే దేవుడి గదిలో వాసనే! వెంటనే విడిగా పెట్టేశాను. మేకు తీయించడానికి మా ఊరి కంసాలి ఒప్పుకున్నాడు. కిరసనాయిలు పెట్టి వెదురుపుల్లతో గీకితే రాడ్జర్స్ మీద షెఫీల్డ్ పక్కన ఇంగ్లండ్ అన్న అక్షరాలు తేలాయి. బావ గిన్నె తోముతున్నాడు.

రెండు సందేహాలు. నూరాక కొబ్బరినూనె రాసి దాచవచ్చా? ఆ సేఫ్టీ రేజరు సంగతేమిటి? మూడు ముక్కలుగా విడిపోతోంది, సందుల్లో తెల్లగా రాయిలా గట్టిపడి ఉంది.

మూడు లాంతర్లు:

కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురుపడుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు, గుడ్డతో పలచగా తుడవండి. తోలు సంచిలోనో ప్లాస్టిక్ కవర్లోనో బిగించి దాచకండి, రెండూ చెమ్మను పట్టి ఉంచుతాయి. మనది సముద్రపు గాలి, వాడని కత్తిని పది రోజులకొకసారి తీసి చూడాలి.

సేఫ్టీ రేజరుది తుప్పు కాదు, సబ్బూ ఉప్పునీళ్లూ కలిసి కట్టిన గార. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి పావుగంట ఉంచి, పాత టూత్ బ్రష్‌తో తోమి కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే పైపూతకు మంచిది కాదు. మరగబెట్టవద్దు. ఇప్పుడు కిరాణా కొట్లో దొరికే రెండంచుల బ్లేడే దానిలో అమరుతుంది. రాడ్జర్స్ సిద్ధమయ్యే దాకా దానితో గీసుకోండి.

పొది:

బాబూ, రాళ్లు కొనడానికి ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీరు ఆమదాలవలస వైపైతే నరసన్నపేట ఎంత దూరం, కత్తి తీసుకుని మంగళవారం రండి. ఆ రోజు మా కొట్టు సెలవు. మాస్టారి సిరా పద్ధతి నేనూ చూడాలి. గడ్డం మాత్రం నాలుగు రోజులు పెంచుకుని రండి, ముందు రోజు గీసుకుని వస్తే కత్తి సంగతి తెలియదు. తొలిసారి చెంపలే గీద్దాం. గడ్డం కింద, పెదవి పైన మీ చేతికి కత్తి అలవాటయ్యాక చూసుకోవచ్చు. మీసం మీదైతే నానమ్మగారిని అడిగి రండి.